నేను రేకులు అమ్మేదాన్ని కాదు

పటాన్‌చెరులో నేను నెట్ సెంటర్ పెట్టాక నన్ను అన్నింటికంటే ఎక్కువగా విసిగించిన ప్రశ్న ఒకటుంది. "మేడం, మీ దగ్గర రంగు రేకులున్నయా?"

సిమెంటు రేకుల దుమ్ము గురించి తెలుగులో ఒక పేజీ తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టాను. ఆ రేకులు కోయకండి, విరగ్గొట్టకండి, ఆ దుమ్ము పీల్చకండి అని అందులో రాశాను. చదివినవాళ్లే తక్కువ. వాళ్లలో చాలామంది నేను ఇనుప రంగు రేకుల డీలర్‌షిప్ తీసుకున్నానని, సిమెంటు రేకుల మీద చెడ్డ ప్రచారం చేసి నా సరుకు అమ్ముకోవాలని చూస్తున్నానని అనుకున్నారు. ఒకాయన సెంటర్ ముందు బండి ఆపి స్టాకు ఎక్కడుందో చూపించమన్నాడు. స్టాకు లేదు, అది ఆరోగ్యం గురించిన పేజీ అని చెప్పాను. "ఆరోగ్యం గురించైతే మరి రేకులని ఎందుకు రాసిన్రు?" అని చిరాకుపడి వెళ్లిపోయాడు. చిరాకు నాకు రావాలిగాని ఆయనకెందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు.

మా బాపు సిమెంటు రేకుల కంపెనీలో పనిచేశాడు. ఎనభైలలో మా వైపు ఒకదాని వెనుక ఒకటి కంపెనీలు లేచాయి. మాకున్న కొద్ది చెలక భూమి కొంత రోడ్డుకూ కొంత షెడ్డుకూ పోయింది. కూలికి పోవడం కంటే డ్యూటీకి పోవడం గౌరవమని అందరికీ అనిపించిన కాలం అది. బాపుకు పని దొరికిన రోజు అమ్మ గల్లీ అంతా చక్కెర పంచింది. ఆయన పని సంచులు కోసి అందులోని నారను యంత్రంలో పోయడం. చూడటానికి దూదిలా తెల్లగా, మెత్తగా ఉండేదట. డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ఆయన కనుబొమ్మలు, చేతుల మీది వెంట్రుకలు తెల్లగా ఉండేవి. ముసలోడివైపోయావని మేము నవ్వేవాళ్లం. అమ్మ వాకిట్లో నిలబడి ఆయన అంగీని, ప్యాంటును గట్టిగా విదిలించి, దులిపి, ఆ తర్వాతే బకెట్లో వేసేది. దులపకుండా నానబెడితే నీళ్లు పాలలా తెల్లబడతాయి, మళ్లీ మళ్లీ పిండాలి. బోరింగ్ దగ్గర వరుసలో నిలబడి నీళ్లు తెచ్చుకునే ఇంట్లో ఆమె చేసిన పని సబబైనదే.

కంపెనీ ఖాళీ సంచులు కూడా ఇంటికి వచ్చేవి. గట్టి సంచులు. వాటిలో జొన్నలు పోశాం, స్నానం చేసేచోట పరదాగా కట్టాం, చలికాలం చాప కింద పరుచుకున్నాం. ఇంటి పైకప్పు కూడా కంపెనీ రేకులే. అంచులు విరిగినవి పనివాళ్లకు ఇచ్చేవాళ్లు. నా చదువు, నా కంప్యూటర్ కోర్సు, అన్నీ ఆ జీతంతోనే జరిగాయి. కాబట్టి కంపెనీని ఒక మాట అనాలంటే మా ఇంట్లో ఎవరికీ నోరు వచ్చేది కాదు.

తొంభైల చివర్లో కంపెనీ పాతవాళ్లను ముందుగానే ఇంటికి పంపించింది. బాపు ఊరికే కూర్చునే మనిషి కాదు. రంపం, కటింగ్ మిషన్ మోపెడ్‌కు కట్టుకుని రేకులు కోసి బిగించే పని మొదలుపెట్టాడు. అమీన్‌పూర్‌లో, వెలిమెల వైపు అప్పుడే ప్లాట్లు పడుతున్నాయి. ప్రతి ప్లాటులో ఒక వాచ్‌మన్ గది, ప్రతి గదికీ రేకులు. బాపుకు తీరికే లేకపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అమ్మకు ఆయాసం మొదలైంది. బోరింగ్ నుంచి బిందె తెచ్చేటప్పుడు దారిలో ఆగి, ఎవరైనా చూస్తే చెప్పు తెగినట్టు కిందికి చూసేది. దగ్గర్లోని డాక్టరు టీబీ అన్నాడు. తెమడ పరీక్షలో ఏమీ తేలలేదు. అయినా టీబీ మందులే రాశాడు. అమ్మ ఆ మందులన్నీ మింగింది. ఆయాసం తగ్గలేదు, ఆకలి చచ్చిపోయింది.

నెట్ సెంటర్ పెట్టిన కొత్తలో వచ్చేవాళ్లకు వెతకడం ఎలాగో నేనే నేర్పేదాన్ని. ఒకరోజు ఒక అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చి కూర్చుంది. ఏదైనా ఒక మాట చెప్పండి, దాని గురించి చూపిస్తానన్నాను. "నాకేమెర్క, నువ్వే ఏదన్న కొట్టు" అంది. కాళ్లు తుడుచుకోవడానికి గుమ్మంలో వేసిన పాత సంచి మీద ఇంగ్లిష్ అక్షరాలు కనిపించాయి. చిన్నప్పటినుంచి చూస్తున్న మాటే, ఎన్నడూ అర్థం అడగని మాట. ఆస్‌బెస్టాస్. అదే కొట్టాను.

ఫోన్ తీగ మీద నడిచే ఇంటర్నెట్ కాబట్టి పేజీ పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంది. ముందు ఊపిరితిత్తుల బొమ్మ. ఆ తర్వాత, కంటికి కనిపించనంత సన్నని పోగులు ఊపిరితో లోపలికి వెళ్లి అక్కడే గుచ్చుకుని ఉండిపోతాయని, జబ్బు బయటపడటానికి ఏళ్లకేళ్లు పడుతుందని, కొన్ని దేశాల్లో దీన్ని వాడటమే మానేశారని ఉంది. "ఏం రాసున్నది?" అని టీచరమ్మ అడిగింది. రేకుల గురించి అన్నాను. "ఓ, రేకులా" అని, పదో తరగతి రిజల్టు ఎట్లా చూడాలో చూపించమంది. చూపించి పంపాను. మళ్లీ ఆ పేజీ తెరిచి కిందికి చదువుకుంటూ పోయాను. పనివాళ్ల బట్టలు ఇంట్లో ఉతికిన భార్యలకు కూడా ఈ జబ్బు వచ్చిందని ఉన్నచోట ఆగిపోయాను. వాకిట్లో అంగీ విదిలిస్తున్న అమ్మ కళ్లముందు నిలబడింది.

ఇంటికి వెళ్లి, అన్నం తింటున్న బాపుకు చెప్పాను. "బాపూ, రేకుల దుమ్ము మంచిది కాదట. ఊపిరితిత్తులల్ల కూసుంటదట. ఏండ్లు గడిస్తె గాని బయటపడదట."

"ఎవలన్నరు?"

"ఇంటర్నెట్ల ఉన్నది."

"ఇంటర్నెట్‌కు మన కంపిని ఎర్కనా?"

"కంపెనీ ముచ్చట కాదు. ఆ నార ముచ్చట."

"ఇన్నేండ్లు మింగిన నేను ఆ దుబ్బ. నాకేమన్న అయ్యిందా? రాయి లెక్కున్న. మీ అమ్మ ఒక్కనాడన్న కంపిని గేటు సూసిందా? దానికెందుకొస్తది?"

"అమ్మ నీ బట్టలు దులిపింది బాపూ."

ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. "బువ్వ తినేటప్పుడు గియ్యన్ని ఎందుకు బిడ్డా" అని అమ్మ నన్నే కోప్పడింది. మర్నాడు పొద్దున బాపు ఎప్పటిలాగే మోపెడ్‌కు రంపం కట్టుకుని వెళ్లాడు.

నా మాట వినకపోతే, అచ్చులో కనిపించిన మాటైనా వింటారని తెలుగులో పేజీ చేద్దామనుకున్నాను. ఇంగ్లిష్‌లో ఇంత సమాచారం ఉంది, దాన్ని తెలుగులో పెడితే చాలని అనుకోవడం నా అమాయకత్వం. మొదటి కష్టం అక్షరాలది. నా కంప్యూటర్‌లో ముత్యాల్లా కనిపించిన తెలుగు పక్క కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుసగా కనిపించేది. ఫాంటు దించుకోండి అని పైన రాశాను. ఆ మాట కూడా తెలుగులోనే రాశాను కాబట్టి, ఫాంటు లేనివాళ్లకు అదీ కనిపించలేదు. ఈ సంగతి నాకు తోచడానికి వారం పట్టింది. అప్పుడే వచ్చిన యూనికోడ్ పద్ధతిలో మళ్లీ మొత్తం కొట్టాను. ఈసారి పాత కంప్యూటర్లలో అన్నీ ఖాళీ డబ్బాలు కనిపించాయి. చివరికి శుభలేఖలు కొట్టినట్టు కొట్టి, దాన్ని బొమ్మగా మార్చి పెట్టాను. అందరికీ కనిపించింది, కాని అది తెరుచుకునే లోపల మనిషి బయటికి వెళ్లి చాయ్ తాగి రావచ్చు.

రెండో కష్టం మాటది. ఆస్‌బెస్టాస్ అని రాస్తే ఎవరికీ తెలియదు. పుస్తకాల్లో రాతినార అని ఉంటుంది, అది ఇంకా ఎవరికీ తెలియదు. సిమెంటు రేకులు అంటే జబ్బు సిమెంటుతో వస్తుందనుకున్నారు. ఉత్త రేకులు అని రాస్తే, ముందే చెప్పాను కదా, ధర అడిగారు. ఒక నిజమైన రంగు రేకుల డీలరు కూడా వచ్చాడు. నా పేజీలో ఆయన షాపు బోర్డు పెడితే ఇద్దరికీ లాభమని చాలా మర్యాదగా చెప్పాడు. నేను అంత మర్యాదగా జవాబు చెప్పలేదు.

అమీన్‌పూర్‌లో ఒక లేఅవుట్ వాళ్లకు ఈ-మెయిల్ గ్రూపు ఉండేది. అందరూ నగరంలో పెద్ద ఆఫీసులకు పోయివచ్చే చదువుకున్నవాళ్లు. అక్కడ వాచ్‌మన్ గదులన్నీ బాపు వేసినవే. వానకు బురదైన దారిలో విరిగిన రేకుల ముక్కలే పరిచారు. వాటి మీద కార్లు ఎక్కి దిగుతుంటే అవి పిండి అవుతున్నాయి. వీళ్లకు ఇంటర్నెట్ ఉంది, ఇంగ్లిష్ ఉంది, చెబితే చాలని నమ్మి, ఒక ప్లాటు ఓనరు చేత గ్రూపులో చేర్పించుకుని జాగ్రత్తగా ఒక మెయిల్ రాశాను. జవాబులు బాగానే వచ్చాయి. మా ఇల్లు స్లాబు, మాకు సంబంధం లేదని ఒకరు. ఇలాంటివి గ్రూపులో పెడితే ప్లాట్ల రేట్లు పడిపోతాయని ఒకరు. ప్రభుత్వం అమ్మనిస్తోందంటే మంచిదే అయ్యుంటుందని ఒకరు. మీరేమైనా డాక్టరా అని ఇంకొకరు. వాచ్‌మన్ కుటుంబం ఆ రేకుల కిందే వండుకుని, పడుకుంటోందని మళ్లీ రాశాను. ఆ మెయిల్ తర్వాత గ్రూపు నడిపేవాళ్లు నన్ను తీసేశారు.

మాటలతో కావడం లేదని ఫొటో పెట్టాలనుకున్నాను. పాస్‌పోర్ట్ ఫొటోలు తీయడానికి సెంటర్‌లో ఒక చిన్న డిజిటల్ కెమెరా ఉండేది. అది తీసుకుని, బాపుకు సద్ది ఇచ్చే వంకతో వెలిమెలలో ఆయన పనిచేస్తున్న చోటికి వెళ్లాను. పొద్దటి ఎండ ఏటవాలుగా పడుతోంది. బాపు రేకు మీద కాలు పెట్టి మిషన్ ఆన్ చేశాడు. ముఖం కనిపించకుండా వెనుకనుంచి తీశాను. ఆ ఫొటోను పేజీలో అన్నింటికంటే పైన పెట్టి, కింద ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా సిమెంటు రేకులు అని రాశాను.

గల్లీలో వాళ్లు బాపు కంప్యూటర్‌లో వచ్చాడని చూడటానికి వచ్చారు. బాపు కూడా వచ్చాడు. కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని చాలాసేపు చూశాడు. ఫొటోలో మనిషి సగమే ఉన్నాడు. మిగతా అంతా ఎండలో మెరుస్తున్న తెల్లటి మేఘం.

"గంత లేస్తదా దుబ్బ?" అన్నాడు.

"గంతనే లేస్తది. నువ్వు అండ్లనే ఉంటవు కాబట్టి నీకు కనిపియ్యదు."

మర్నాడు ఆయన ముక్కుకు దస్తీ కట్టుకుని పనికి బయలుదేరాడు. దస్తీతో ఆగదు బాపూ అన్నాను. "మరి దేంతోని ఆగుతది?" అని అడిగాడు. జల్లెడలాంటి ఫిల్టరు ఉన్న మాస్కు కావాలని చెప్పి, నేనే బజారంతా తిరిగాను. మందుల షాపులో పల్చటి గుడ్డ మాస్కు ఇచ్చారు. హార్డ్‌వేర్ షాపులో వెల్డింగ్ అద్దాలు చూపించారు. పటాన్‌చెరు చుట్టూ అన్ని కంపెనీలుంటే, ఒక్క సరైన మాస్కు దొరకలేదు. పేజీలో మాత్రం 'సరైన మాస్కు వాడండి' అని నేను ఎంతో దర్జాగా రాసి ఉన్నాను. ఆ వాక్యం చూస్తే నా మీద నాకే ఒళ్లు మండింది.

అమ్మకు మెట్లు ఎక్కడం కూడా కష్టమయ్యాక, ఆమెను నగరంలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాం. బాపు కూడా వచ్చాడు. డాక్టరు అమ్మను అడిగాడు.

"ఏం పని చేసేదమ్మా?"

"ఇంట్లనే సారూ. ఏం పని చెయ్యలే."

ఆయన తల ఊపి రాసుకోబోయాడు. నాకు ఆగలేదు. "ఆమె భర్త ఏం పని చేశాడో కూడా అడగండి సార్" అన్నాను. నా గొంతు కొంచెం పెద్దదే అయింది. డాక్టరు పెన్ను ఆపి బాపు వైపు చూశాడు. బాపు కుర్చీలోనుంచి లేచి నిలబడి, "రేకుల కంపెనీల చేసిన సార్. సంచులు కోసి నార పోసేటోన్ని. బట్టలు ఇంట్లనే ఉతుకుతుండె" అన్నాడు.

మళ్లీ ఛాతీ ఎక్స్‌రేలు తీశారు. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర మందంగా, గట్టిగా అయిపోయిందని, ఆ దుమ్ము వల్ల అయి ఉండవచ్చని డాక్టరు చెప్పాడు. మరి ఆ మాట కాగితం మీద రాయండి అన్నాను. "అయి ఉండవచ్చు అన్నాను గాని, అయింది అనలేదమ్మా" అన్నాడు. టీబీ మందులు ఆపమన్నాడు. వెనక్కి తిప్పే మందు లేదన్నాడు. బస్సులో బాపు కిటికీ పక్క సీటు అమ్మకిచ్చాడు.

నాకు సంతోషం కలిగించిన ఒకే ఒక మెయిల్ ఆ తర్వాత కొన్నాళ్లకు వచ్చింది. గల్ఫ్‌లో కూలికి పోయిన మన జిల్లావాడే ఒకతను, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాశాడు. "అక్కా, మీ ఫొటోల ఉన్న రేకులే మేము ఈడ పాత షెడ్ల మీదికెల్లి పీకుతున్నం. సూపర్‌వైజర్లు పెద్ద మాస్కులు పెట్టుకొని దూరం నిలబడుతున్నరు. మాకియ్యలే. ఎందుకో సమజ్ కాక రేకులని కొడితే మీ పేజీ వచ్చింది. ఇది అదేనా?"

అదే అని రాశాను. పగలగొట్టకుండా దించండి, దించేముందు నీళ్లతో బాగా తడపండి, మాస్కులు అడగండి, పని బట్టలతో గదికి పోవద్దు అని ఒక్కొక్కటే రాశాను. చాలా రోజులు జవాబు లేదు. పని పోగొట్టుకున్నాడేమో, నా మాట విని ఇబ్బందుల్లో పడ్డాడేమోనని కుదురులేకుండా ఉన్నాను. చివరికి రాశాడు. "అందరం కలిసి అడిగినం అక్కా. పని ఆపి కూసున్నం. మాస్కులిచ్చిన్రు. నీళ్ల పైపు ఇచ్చిన్రు. బట్టలు ఆడ్నే ఇడిచి వస్తున్నం."

ఆ మెయిల్ ప్రింటు తీసి బాపుకు చదివి వినిపించాను. ఆయన విని, "ఆడ అడిగితె ఇస్తరు బిడ్డా. ఈడ అడిగితె ఇంకొకన్ని పిలుస్తరు" అన్నాడు. సముద్రం అవతల మనిషి నా మాట విన్నాడు, నా ఇంట్లో మనిషి వినలేదని కోపం మాత్రం మిగిలింది.

అమ్మ ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. చివరి నెలల్లో గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. మాట మొదలుపెట్టి, ఊపిరి కోసం ఆగి, మళ్లీ అందుకునేది. మేము ఆ ఆగడానికి అలవాటుపడి, మధ్యలో మాట అందించకుండా ఉండటం నేర్చుకున్నాం. చావు కాగితంలో ఆస్తమా అని రాశారు. అమ్మకు ఆస్తమా లేదని ఆ కౌంటర్ దగ్గర చాలాసేపు వాదించాను. వెనుక వరుసలో ఉన్నవాళ్లు జల్దీ కానియ్యమన్నారు.

దినాలు అయ్యాక బాపు పనికి వెళ్లాడు గాని మిషన్ ఇంట్లోనే వదిలేశాడు. సైజుకు సరిపోయే రేకులు తెప్పిస్తేనే బిగిస్తానని, కోయనని, తప్పనిసరైతే నీళ్లు పోస్తూ చేతిరంపంతో మెల్లగా కోస్తానని, అప్పుడు చుట్టూ ఎవరూ ఉండకూడదని చెప్పడం మొదలుపెట్టాడు. అలా కోసినా ముప్పు పూర్తిగా పోదని నేను చెబుతూనే ఉన్నాను. పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఇంకొకతను వచ్చి ఒక్క పూటలో కోసి పడేసి పోతుంటే, ఈ ముసలాయన నీళ్ల బకెట్లతో చేసే ఆలస్యం ఎవరికి కావాలి? ఆయన సాయంత్రాలు సెంటర్‌కు వచ్చి కూర్చుని విసుక్కునేవాడు. "ఎంత చెప్పినా ఇంటలేరు బిడ్డా. నవ్వుతున్నరు. నాకు రంగు రేకులోళ్లు కమీషన్ ఇస్తున్నరంటున్నరు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ ఏడు వానాకాలంలో మా పక్కింటాయన పాత రేకులు పగలగొట్టి, వాకిట్లో బురద కాకుండా పరిచాడు. బాపు వెళ్లి అరిచాడు. "వానల కాళ్లు జారి పడితె నువ్వొస్తవా?" అని అతను అడిగాడు. బాపు ఇంటికి వచ్చి, బకెట్‌తో నీళ్లు తీసుకుపోయి, ముక్కలన్నీ తడిపి, చేతి తొడుగులతో ఒక్కొక్కటి ఏరి, మందమైన పాలిథిన్ సంచుల్లో వేసి మూతి బిగించాడు. బదులుగా మా ఇంట్లో ఉన్న ఇటుకలు మోసుకుపోయి పరిచాడు. ఇటుకలు వచ్చాయి కాబట్టి అతను ఊరుకున్నాడు.

ఇక ఆ సంచులు ఎక్కడ వేయాలి? చెత్త ట్రాక్టరు అతను ముట్టుకోనన్నాడు. ఆ ట్రాక్టరు పంపే ఆఫీసుకు వెళ్లి అడిగితే, చెరువు కట్ట పక్కన అందరూ వేసేచోట వేసుకోమన్నారు. కాలుష్యం సంగతి చూసే ఒక పెద్ద ఆఫీసుకు మెయిల్ రాశాను, జవాబు రాలేదు. ఫోన్ చేస్తే, ఇంతకీ మీరు ఏ కంపెనీ తరఫున మాట్లాడుతున్నారని అడిగారు. ఏ కంపెనీ కాదు, ఇంటి నుంచి అన్నాను. ఇళ్ల సంగతి తమది కాదన్నారు.

పేజీలో 'విరిగిన ముక్కలు ఏం చేయాలి' అనే ప్రశ్న కింద చాలాకాలం ఖాళీ ఉంచాను. చివరికి, తడిపి సంచిలో మూసిపెట్టండి, ఎక్కడ వేయాలో నాకు తెలియదు, తెలిసినవాళ్లు రాయండి అని పెట్టాను. అంతకంటే నిజమైన వాక్యం ఆ పేజీలో ఇంకొకటి లేదు. సంచులు మా ఇంటి వెనుక గోడ వారన ఉన్నాయి. వాటి మీద ఎవరూ కూర్చోకుండా బాపు ముళ్లకంప వేశాడు. నేను సెంటర్ తెరిచే వేళకు వచ్చి, నా వెనుక నిలబడి, "ఏమన్న జవాబొచ్చిందా?" అని అడుగుతాడు. రాలేదంటే, ఆ ఆఫీసువాళ్లను నాలుగు మాటలు తిట్టి, మళ్లీ రాయమంటాడు. రాస్తాను.